ఆకాశం రాయికి పాట పెట్టిన తిరుమలమ్మ

పుత్తూరు నుంచి నగరికి పోయే రోడ్డుకు రెండు పక్కలా ఉన్న చింతచెట్ల కాపును జిల్లా బోర్డువాళ్లు ఏటా వేలం వేసేవారు. ఆ వేలంలో ఆడమనిషి నిలబడి పాట పాడడం తిరుమలమ్మతోనే మొదలైంది. అంతవరకూ ఆమె భర్త పాడేవాడు. ఆయన పోయిన మరుసటి ఏడే ఆమె కొంగు నడుముకు దోపుకొని, బోర్డు బంగళా ముందు వ్యాపారుల మధ్యకు వచ్చింది.

ఆ రోజుల్లో పుత్తూరు చింతపండు వ్యాపారులకు వరదయ్య పెద్ద. వేలానికి ముందే అందరినీ కాఫీ క్లబ్బులో కూర్చోబెట్టి, ఏ రోడ్డు ఎవరిదో పంచేసేవాడు. తర్వాత వేలంలో ఒకరి మీద ఒకరు పెంచేవాళ్లు కాదు. తిరుమలమ్మను చూడగానే ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఈ ఎండలో నీకెందుకమ్మా తిప్పలు? ఇంటికి పో. నీ బాగం నీకు పంపిస్తాం."

"బాగం నాకొద్దన్నా. నాకు సెట్లు కావాల" అంది తిరుమలమ్మ.

ఆ ఏడు నగరి రోడ్డు పాట మునుపెన్నడూ లేనంత దూరం పోయింది. చెట్లు ఆమెకే వచ్చాయి. లాభం పెద్దగా మిగల్లేదు గానీ, మరుసటి ఏటి నుంచి వరదయ్య కాఫీ క్లబ్బుకు ఆమెను కూడా పిలిపించేవాడు. ఆమె ఒక్కసారీ పోలేదు.

వేలం ఆమెకు పుట్టింటి విద్య. తండ్రి మునస్వామి చెరువు చేపల పాటలు, సంత గేటు పాటలు పాడుతూ బతికినవాడు. కూతుర్ని వెంట తిప్పుకుంటూ ఒకటే చెప్పేవాడట: "మొగం సూడొద్దు పాపా. కాళ్లు సూడు. కావాలనుకున్నోడి కాళ్లు నిలవవు." తిరుమలమ్మ పెద్దయ్యాక కూడా ఎవరితో మాట్లాడుతున్నా ఒకసారి వాళ్ల పాదాల వైపు చూసేది. కొత్తవాళ్లు అది వినయం అనుకునేవాళ్లు.

నగరి రోడ్డుకు మైలు దూరంలో మిట్టకండ్రిగ అని చిన్న పల్లె. ఆ పల్లెలో గోవిందయ్యకు మూడెకరాల మెట్టచేను ఉంది. మద్రాసు మీద జపాను విమానం బాంబులు వేసిపోయి నెల దాటిందో లేదో, కార్తీక మాసంలో ఒక మధ్యాహ్నం గోవిందయ్య చేలో రాయి పడింది. మబ్బులేని ఆకాశంలో ఉరుములు వినిపించాయి. తర్వాత నేల అదిరింది. ఊరంతా రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చింది. జపానువాళ్లు మిట్టకండ్రిగ మీద బాంబు వేశారని పుత్తూరు దాకా వార్త పాకింది.

మరుసటి రోజు తిరుమలమ్మ చెట్ల కాపు చూసుకోవడానికి ఆ దారిన వచ్చింది. చేను చుట్టూ జనం. మధ్యలో మోకాటిలోతు గుంత. గుంతకు చాలా దూరంగా పుత్తూరు నుంచి వచ్చిన పోలీసు జవాను లాఠీ పట్టుకొని కాపలా ఉన్నాడు.

"ఏందప్పా ఇది?" అంది తిరుమలమ్మ.

"బాంబమ్మా. ఇంకా పేల్లేదు. ఆపీసర్లు రావాల. మీరు దగ్గరికి పోవద్దండి."

"నిన్న పడింది ఇంతసేపూ పేలకుండా ఎవురికోసం కాసుకోని ఉండాది?" అంటూ ఆమె గట్టు దిగి చేలోకి నడిచింది. జవాను కేకలు వేస్తూనే ఉన్నాడు గానీ వెనకాల రాలేదు. గుంతలో పొట్టేలు తలంత రాయి ఉంది. మాడిన కుండ అడుగులా నల్లగా, నున్నగా ఉంది. తిరుమలమ్మ వంగి దాని మీద అరచెయ్యి ఆనించింది.

"సల్లంగా ఉండాది. రాయి. రండి, సూసుకోండి."

అప్పుడు అందరూ ఒక్కసారిగా వచ్చి పడ్డారు. తిరుమలమ్మ మాత్రం గట్టు మీదికి వెళ్లి గోవిందయ్య భార్య నాగులమ్మ పక్కన కూర్చుంది. రాయి పడినప్పుడు నాగులమ్మ ఆ చేలోనే ఉంది. దెబ్బ తగల్లేదు. కానీ ఒక చెవి మీద చెయ్యి పెట్టుకొని ఎటో చూస్తోంది. ఆ పూటంతా తిరుమలమ్మ ఆమెతోనే ఉండి, సంగటి తినిపించి, పొద్దుగూకే వేళకు బండెక్కింది. గోవిందయ్య ఆమెను అక్కా అని పిలవడం ఆనాటి నుంచే.

తాశీల్దారు కచేరీకి ఒక చిన్న ముక్క కొట్టి పంపారు. అది చాలు, మిగిలింది మీరే ఉంచుకోవచ్చని జవాబు వచ్చింది. రాయి గోవిందయ్య ఇంటి వసారాలోకి చేరింది. ఊళ్లో కొందరు దానికి పసుపు రాసి మొక్కారు. కొందరు అది ఇంట్లో ఉంటే అరిష్టమన్నారు. నాగులమ్మ ఎవరితోనూ వాదించకుండా దాని మీద గంప బోర్లించింది. చెవి నెమ్మదిగా కుదుటపడింది గానీ, వసారాలో పడుకోవడం మాత్రం ఆమె మానేసింది.

యుద్ధం అయిపోయింది. మరుసటి ఏడు ఎండాకాలంలో మద్రాసు నుంచి గంగాధరం అనే ఆయన కుడి మణికట్టు విరగ్గొట్టుకొని పుత్తూరు వచ్చాడు. ఎముకలు విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో పుత్తూరుకు కట్టు కట్టించుకోవడానికి వస్తారు. వాళ్లకు తిరుమలమ్మ తన ఇంటి వీధిగదిని బాడుగకు ఇచ్చేది. గంగాధరం ఆ గదిలో దిగాడు. మద్రాసు మౌంట్ రోడ్డులో ఒక వేలంశాలలో సుత్తి కొట్టే మనిషి ఆయన. ఇక ఆ ఇంట్లో వేలం తప్ప వేరే మాట లేకపోయింది.

"దొరలందరూ సామాన్లు అమ్మేసుకుంటా ఉండారంట గదా?"

"రోజూ బండ్లు వస్తూనే ఉన్నాయమ్మా. పియానోలు, పులితోళ్లు, గడియారాలు... కొనేవాళ్లూ బాగానే వస్తున్నారు."

"పాట పెట్టినాంక ధర నచ్చకపోతే?"

"సుత్తి పడకముందు సొంతదారు సరుకు వెనక్కి తీసుకోవచ్చు. పడిందా, ఇంక అంతే."

"సరుకు గురించి సొంతదారు మాట్లాడొచ్చా?"

గంగాధరం నవ్వాడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాదని చెప్పే రూలు లేదు."

ఆ వారంలోనే గోవిందయ్య చెమటలు కారుతూ వచ్చాడు. మద్రాసు నుంచి ధనంజయ అనే ఆయన మిట్టకండ్రిగకు వచ్చాడట. స్వంత ఊరు కాళహస్తి. దేశవిదేశాల వింత రాళ్లు పోగుచేసే ఒక షావుకారు దగ్గర ఉద్యోగం. రాయికి పది రూపాయలు ఇస్తానన్నాడు.

"ఇచ్చేద్దామా అక్కా? ఇంట్లోంచి పోతే సాలంటాది నాగులమ్మ."

"ఆ మనిసి ఉండాడా పోయినాడా?"

"మా వసారాలోనే కూసోని ఉండాడు."

"పద, సూద్దాం."

ధనంజయ మర్యాదస్తుడు. లేచి నమస్కారం చేశాడు. "ఏదో పిల్లలకు చూపించేదానికి అడగతా ఉండానమ్మా. దీనికి పెద్ద విలువేం లేదు" అన్నాడు. అంటూనే జేబులోంచి చిన్న సూదంటురాయి తీసి నల్లరాయి దగ్గర పెట్టాడు. అది టక్కుమని అతుక్కుంది. అతని ముఖం కదల్లేదు. చెప్పుల్లో బొటనవేళ్లు మాత్రం పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ పైకి లేచాయి.

"మీరు పుత్తూరులో రైలు దిగి ఈడిదాకా ఎట్లొచ్చినారు?" అని అడిగింది తిరుమలమ్మ.

"నడిచే వచ్చినానమ్మా. బండి దొరకలే."

"సరే నాయనా. ఒక వారం ఆగి సెప్తాం."

అతను పదిని ఇరవై చేశాడు. గడప దాటేలోపల ముప్పై చేశాడు. తిరుమలమ్మ అదే మాట అంది.

అతను పోయాక గోవిందయ్య దిగాలుగా కూర్చున్నాడు. "ముప్పై గదక్కా. దాని ధరేందో నాకు తెలీదు. నీకు తెల్సా?"

"నాకూ తెలీదు. మనకు తెలియాల్సిన పనేముండాది? కావాలనేటోళ్లు ఇద్దరుంటే సాలు, వాళ్లే ఒకరికొకరు సెప్పుకుంటారు. ఈడ ఒకడే ఉండాడు. ఇంకొకణ్ణి ఎతుక్కోవాల." తర్వాత నాగులమ్మ వైపు తిరిగింది. "నువ్వేమంటావమ్మే?"

నాగులమ్మ గంప మళ్లీ బోర్లిస్తూ అంది: "నన్ను వొదిలిపెట్టి పక్కన పడింది. దాన్ని పారేసే మనసూ లేదు, ఇంట్లో పెట్టుకునే దయిర్యమూ లేదు. సేన్లో బావి తవ్వుకునేదానికి పనికొస్తే సంతోసం."

"అయితే బావికే పాడదాం" అంది తిరుమలమ్మ.

గంగాధరం కట్టు విప్పే రోజు ఇంకా రాలేదు. అయినా ఎడమచేత్తో సుత్తి కొట్టడానికి ఒప్పుకొని ముందుగా బయల్దేరి వెళ్లాడు. రాయి వేలానికి వస్తుందని పత్రికలో నాలుగు మాటలు వేయించాడు. చెప్పిన రోజుకు తిరుమలమ్మ, గోవిందయ్య పుత్తూరులో మద్రాసు రైలెక్కారు. చింతపండు గంపలో గడ్డి పరిచి, రాయిని దించి, పైన పాతచీర కప్పారు. అరక్కోణంలో టికెట్ల ఆయన గంపను చూసి, రేషను సరుకేమోనని చీర ఎత్తాడు.

"ఏమిటిది?"

"రాయి నాయనా. ఆకాశంలో నుంచి పడింది."

ఆయన ఆమెనూ రాయినీ మార్చి మార్చి చూసి, చీర తనే కప్పి పక్క పెట్టెలోకి పోయాడు.

వేలంశాల పక్కన టీ దుకాణం ఉంది. తిరుమలమ్మ గంపను లోపల గంగాధరానికి అప్పగించి, బయటికొచ్చి ఆ దుకాణం దగ్గర నిలబడింది. ఒక బల్ల చుట్టూ ముగ్గురు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో ధనంజయ ఒకడు. కాసేపటికి ముగ్గురూ లేచి, ఒకరికొకరు సంబంధం లేనట్టు విడివిడిగా లోపలికి పోయి మూడు మూలల్లో కూర్చున్నారు. ఒకరినొకరు చూసుకోనైనా చూసుకోలేదు.

తిరుమలమ్మకు నవ్వొచ్చింది. మౌంట్ రోడ్డులోనూ వరదయ్య కాఫీ క్లబ్బే.

గోవిందయ్యను పక్కకు పిలిచింది. "ఆ ముగ్గురూ కూడబలుక్కున్నారప్పా. ఒకడు పాడతాడు, ఇద్దరు ఊరుకుంటారు. బయటికి పోయినాంక లాబం పంచుకుంటారు."

గోవిందయ్య ముఖం మాడిపోయింది. "అయితే ఎనక్కి పోదామక్కా."

"ఎందుకు పోవాల? ఈ హాలు నిండా మనుసులుండారు. కూడబలుక్కున్నోళ్లు ముగ్గురే. మిగిలినోళ్లకు అదేందో తెలీదు, అందుకని అడగరు. వాళ్లకు నువ్వు సెప్పాల."

"నేనా? ఇంతమందిలోనా? నువ్వే సెప్పక్కా."

"పడినప్పుడు నేను పుత్తూరులో ఉండా. సేన్లో ఉండింది నువ్వు. సూసినోడు సెప్తేనే అది ఆకాశం రాయి. నేను సెప్తే కత. ఎవురి మొగమూ సూడొద్దు, నన్ను సూసి సెప్పు."

పియానో ఒకటి పోయింది. రెండు బీరువాలు, ఒక పెద్ద గడియారం పోయాయి. తర్వాత రాయిని తెచ్చి బల్ల మీద పెట్టారు. గంగాధరం దాని గురించి ఇంగ్లీషులో, అరవంలో నాలుగు మాటలు చెప్పి పాట తెరిచాడు. ధనంజయ పదిహేను అన్నాడు. రెండో మూల నుంచి ఒకరు మాటవరసకు పదహారన్నారు. ధనంజయ ఇరవై అన్నాడు. ఆ తర్వాత ఎవరూ పలకలేదు. హాల్లో జనం గొణుక్కుంటూ, తర్వాత వచ్చే అద్దాల బల్ల కోసం చూస్తున్నారు. గంగాధరం ఎడమచేతిలో సుత్తి పైకి లేచింది.

"అయ్యా, నిలపండి" అంది తిరుమలమ్మ. ఆ గొంతు చింతతోపుల్లో ఈ చివర నుంచి ఆ చివరికి వినిపించే గొంతు. హాలంతా తిరిగి చూసింది. "ఈ రాయి ఎవురి సేన్లో పడిందో ఆయన వొచ్చుండాడు. పడినప్పుడు సూసుండాడు. రెండు మాటలు సెప్తాడు."

ధనంజయ లేచాడు. "ఇదేం పద్ధతి?" అన్నాడు.

"సొంతదారు తన సరుకు గురించి చెప్పుకోవచ్చు" అన్నాడు గంగాధరం, సుత్తి దించి. "చెప్పయ్యా. నేను ఇంగ్లీషులో చెబుతాను."

గోవిందయ్య లేచాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. తిరుమలమ్మనే చూస్తూ మొదలుపెట్టాడు.

"మేము శెనక్కాయలు పీకతా ఉండాం. నేను సేని గట్టు మింద, ఈ గెనెం మింద, ఎద్దులకు గడ్డేస్తా ఉండా. మా ఆడమనిసి నాగులమ్మ ఆ గెనెం కాడ ఉండాది. ఆకాశంలో మోడం లేదు. ఉరిమింది. ఒక ఉరుము గాదు, ఉరుము మింద ఉరుము. పైకి సూస్తే పొగ గీసినట్టు గీత. ఆ గీత మా సేనికే వస్తా ఉండాది. ఎద్దులు పలుపులు తెంపుకోని పారినాయి. దబ్బుమనింది. అంతా దుమ్ము. నాగులమ్మ కనపళ్లేదు."

అక్కడ ఆగిపోయాడు. గంగాధరం అంతవరకూ ఇంగ్లీషులో చెప్పి, తనూ ఆగాడు.

"దుమ్ములోకి పరిగెత్తినా. పేరు పెట్టి అరస్తా ఉండా. పలకలేదు. పోయిందనుకున్నా. దగ్గరికి పోతే కూసోనే ఉండాది. సేతిలో శెనక్కాయ సెట్టు అట్లే పట్టుకోనుండాది. ఆమెకూ గుంతకూ నడాన ఈ బల్లంత ఎడం. సెవులు ఇనపడక పలకలేదంతే. సెయ్యి పట్టుకుంటే నన్ను సూసి, 'కాయలన్నీ మట్టి కొట్టుకోని పోయినాయే' అనింది."

గంగాధరం ఆ చివరి మాట చెప్పేసరికి హాల్లో నవ్వు లేచింది. నవ్వినవాళ్లలో కొందరు కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో ఒక ముసలి దొరసాని కూర్చుని ఉంది. తన పియానో అమ్ముకోవడానికి వచ్చిన మనిషి. ఆమె ఏదో అడిగింది.

"ఆ రాయిని ఎందుకు అమ్ముతున్నావని అడుగుతోంది" అన్నాడు గంగాధరం.

"బావి తవ్వుకునేదానికి తల్లీ" అన్నాడు గోవిందయ్య నేరుగా ఆమెతోనే.

దొరసాని లేచి వచ్చింది. రాయి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత తన చోటికి పోయి, వంద అంది.

తిరుమలమ్మ ధనంజయ కాళ్ల వైపు చూసింది. ఆ కాళ్లు నిలవడం లేదు. నూటపది అన్నాడు. దొరసాని నూటయాభై అంది. వెనక నుంచి ఒక చెట్టియారు, అంతవరకూ రాయి వైపు చూడని మనిషి, రెండు వందలు అన్నాడు. పాట మూడు వందలు దాటేసరికి రెండో మూలలో కూర్చున్న ధనంజయ భాగస్వామి ఓర్చుకోలేక ఈసారి నిజంగానే పాడాడు. ధనంజయ అతని వైపు గుర్రుగా చూశాడు. ఆ క్షణంలో ముగ్గురి ఒప్పందం తెగిపోయింది. మూడో మూల కూడా లేచింది. ఇక ఎవరి కోసం వాళ్లే పాడుకున్నారు. చెట్టియారు తప్పుకున్నాడు. దొరసాని చివరిదాకా వచ్చి, నవ్వి, తల అడ్డంగా ఊపింది. ఎనిమిది వందల అరవై దగ్గర గంగాధరం సుత్తి ధనంజయ పేరున పడింది.

గోవిందయ్యకు అర్థం కాలేదు. "అయిపోయిందా అక్కా? ఎంతకు?"

"బావికీ సరిపోతాది, బావి కాడికి ఒక జత ఎద్దులకూ సరిపోతాది" అంది తిరుమలమ్మ. అతను చంకలోని తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

బయట ధనంజయ ఎదురయ్యాడు. కోపంగా ఉంటాడనుకుంది. అతను ఓడిన మనిషిలా లేడు. గంపలో రాయిని రెండు చేతులా పట్టుకొని ఉన్నాడు.

"మా షావుకారు వెయ్యిదాకా పొమ్మన్నాడమ్మా" అన్నాడు మెల్లగా. "మేం కలిసినామని నీకెట్లా తెలిసింది?"

"టీ తాగేటప్పుడు అన్నదమ్ముల మాదిరి ఉండారు. లోపలికొచ్చినాంక కొత్తోళ్లయినారు. నిజంగా కొత్తోళ్లయితే ఒకసారన్నా ఒకరినొకరు సూసుకుంటారు గదప్పా."

ధనంజయ గట్టిగా నవ్వాడు. వాళ్లకు టీ ఇప్పించాడు. షావుకారు పేరూ, వీధీ చెప్పి, ఇంకెక్కడైనా ఇట్లాంటిది పడిందని వింటే ముందు తనకు కబురు పెట్టమన్నాడు.

"ముందు నీకు పెడతా. రెండోది ఇంకొకరికీ పెడతా" అంది తిరుమలమ్మ.

తిరుగు రైల్లో గోవిందయ్య ఆమెకు ఏమివ్వాలో తెలియక నసిగాడు. ఆమె మొహమాటపడలేదు. చింతపండులో దళారీ ఎంతో అంతే అడిగి తీసుకుంది. బావి తవ్వే రోజున మాత్రం కూలీలందరికీ తన ఇంటి నుంచి అన్నం, పులుసు పంపింది. నీళ్లు పడ్డాయి. నాగులమ్మ ఆ ఏడు చేలో వరి పెట్టింది.

ఆ తర్వాత తిరుమలమ్మను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వదల్లేదు. ఎక్కడ నల్లరాయి కనబడినా బండి మీద వేసుకొని వచ్చేవాళ్లు. ఆమె ఒక సూదంటురాయి కొనుక్కుంది. అతుక్కోని రాళ్లను వెనక్కి పంపేది. అతుక్కున్నదాన్ని ఎవరు చూశారు, ఎప్పుడు పడింది, ఆ మనిషి వచ్చి చెబుతాడా అని అడిగేది. ఒకసారి ఆమే మోసపోయింది. నాయుడుపేట దగ్గర్నుంచి తెచ్చిన బరువైన ముద్దను నమ్మి, ఒట్టు పెట్టిన సాక్షిని నమ్మి, మంచి ధరకు కొని మద్రాసు తీసుకెళ్లింది. ధనంజయ దాన్ని తిప్పి చూసి, ఇనుము కరిగించే కొలిమిలోని చిట్టెమని తేల్చాడు. ఆమె అక్కడే నవ్వేసింది. "సాక్షి ఒట్టు పెట్టినప్పుడే అనుమానపడాల్సింది" అని పుత్తూరులో అందరికీ తనే చెప్పుకుంది. నిజమైన ఆకాశం రాళ్లు ఆమె చేతి మీదుగా ఇంకా రెండే పోయాయి. ఒకటి చిన్నది, నిమ్మకాయంత. దాన్ని వేలంలో కొని, ఏడాది ఆగి, మళ్లీ వేలంలోనే అమ్మింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు పుత్తూరు బజారులో ఆమె ఒక గోడౌను బాడుగకు తీసుకుంది. శనివారం శనివారం అక్కడ వేలం. ఊళ్లు వదిలిపోయేవాళ్ల సామాన్లు, పాత ఇత్తడి, బండి చక్రాలు, ఎవరు ఏది తెచ్చినా పాట పెట్టేది. తెచ్చినవాళ్లు ఆ వస్తువు గురించి తమ నోటితో చెప్పాలన్నది ఆమె పెట్టిన ఒకే ఒక షరతు. మొదటి శనివారం గోడౌను నిండిపోయింది. మొదటి వస్తువు ఒక హార్మోనియం. దాన్ని తెచ్చినాయన నాటకాలు మానేసి పొగాకు దుకాణం పెట్టుకుంటున్నాడు. ఏం చెప్పాలో తోచక, కూర్చుని ఒక పాట వాయించాడు. వాయించడం అయ్యేసరికి, అమ్మబుద్ధి కావడం లేదన్నాడు.

"అయితే తీసుకోని పో నాయనా. సుత్తి పడలేదు గదా" అంది తిరుమలమ్మ. జనం చప్పట్లు కొట్టారు. అతను హార్మోనియం ఎత్తుకొని బయటికి నడుస్తుంటే, ఆమె రెండో వస్తువును బల్ల మీదికి ఎత్తించింది.